పేరు కాస్త ఆగి పెట్టండి

కంభం చెరువు కట్ట మీద నిలబడి, పైకి చూపించి "అదేంటి?" అని ఎవరినైనా అడగండి. వచ్చే జవాబు ఒక్కటే: గద్ద. రెక్కలు చాచి తిరిగేదల్లా మనకు గద్దే. మనుషుల విషయంలోనూ అంతేగా! చొక్కా చూస్తాం, యాస వింటాం, వాడెవడో తేల్చేస్తాం. ఈ తొందర తగ్గాలంటే వ్యక్తిత్వ వికాస శిబిరాలకు ఫీజు కట్టక్కర్లేదు. పొద్దున ఎనిమిది దాటాక మేడెక్కి అరగంట కూర్చోండి. నేల వేడెక్కి గాలి పైకి లేచే వేళ అది. పెద్ద రెక్కల పక్షులు ఆ గాలినెక్కి తిరుగుతాయి.

ముందుగా రంగును నమ్మడం మానండి. తెల్లటి తల, ఇటుక రంగు ఒళ్లు కనిపిస్తే గరుడ పక్షి అని చిన్న పిల్లలూ చెబుతారు. కానీ ఇంకా ఈడు రాని గరుడ పక్షి మట్టిరంగులో, అచ్చం నల్ల గద్దలా ఉంటుంది. అప్పుడు తోక చూడాలి. గరుడ పక్షి తోక గుండ్రం, నల్ల గద్ద తోక చివర నొక్కు. తేనె గద్ద మరీ మాయలాడి. ఒక్కో పక్షిది ఒక్కో రంగు. సన్నటి మెడ, పావురానికున్నట్టు చిన్న తల, వీటితోనే దాన్ని పట్టుకోవాలి. అందుకే ఆకారం, తోక, రెక్క ఆడించే తీరు, ఆ తర్వాతే రంగు.

జాలె డేగ దగ్గర ఈ వరస కూడా చాలదు. పావురమంత పక్షి, చింతచెట్టు కొమ్మల్లో కదలకుండా కూర్చుంటుంది. దాన్ని మీకు చూపించేది ఇరుగుపొరుగే. ఉడుత ఆపకుండా అరుస్తుందా? ఏట్రింతలు ఒకే కొమ్మ మీదికి దూకుతున్నాయా? పెరట్లో కోడి గొంతు మారిందా? పైనుంచి వచ్చే ముప్పుకు కోడిది ఒక కూత, నేల మీది ముప్పుకు మరొకటి అని పరిశోధకులు తేల్చారు. కోళ్లు పెంచే అవ్వనడిగితే పరిశోధన అవసరం లేకుండానే చెబుతుంది.

ఓ నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, చోటు, పక్షి చేసిన పని రాయండి. పేరు మాత్రం మార్కాపురం పలక మీద రాసినట్టు, తుడిచేయడానికి వీలుగా రాయండి. "తెలియలేదు" అన్న మాట పుస్తకం నిండా ఉన్నా సిగ్గు పడొద్దు. ఫోన్‌లో యాప్ ఉందిగా అంటారు. నాకు దాని మీద కోపం లేదు. కాకపోతే మీ ఊహ ముందు రాసుకుని, ఆ తర్వాత దాన్నడగండి.

మన పాతవాళ్లు అన్నిటినీ గద్ద అని సరిపెట్టుకోలేదు. బైరి, పాముల గద్ద, కొరమీను గద్ద, అడవి రామదాసు అని విడివిడిగా పిలిచారు. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డన్ 1862-64లో అచ్చయిన తన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో ఇలాంటి తెలుగు పేర్లను చేర్చాడు.

ఇక చలికాలంలో కంభం చెరువు మన చూపుకు పెద్ద పరీక్ష. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందిన చెరువు ఇది. ఇలాంటి చెరువుల మీదికి చలికాలంలో వలస పిల్లి గద్దలు వస్తాయి. రెక్కలు కాస్త పైకెత్తి, తుంగ మీదుగా తక్కువ ఎత్తులో జారిపోతుంటాయి. నల్లమల అవతల రోళ్లపాడు గడ్డిభూముల్లో వాటి దాయాదులు రాత్రిపూట గుంపులుగా నేల మీదే నిద్రపోతాయి.

కార్తీకంలో పొలం మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచిన పక్షి కనిపిస్తే తొందరపడకండి. పొట్టి తోక, భుజాన నల్ల మచ్చ ఉంటే అడవి రామదాసు, ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. పొడవాటి తోక, ఇటుక రంగు వీపు ఉంటే వలస వచ్చిన తొండల డేగ. వాటికి రెండింతలున్నది అలా నిలిస్తే పాముల గద్ద కావచ్చు. గూడు కంటబడితే మాత్రం దూరం నుంచే చూడండి. మీరు దగ్గరికెళ్తే తల్లి గుడ్లు వదిలి లేస్తుంది, కాకులు ఆ సందు కోసమే కాచుకుని ఉంటాయి.