రెండు కవర్ల ఫైలు

మా ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్లో హాజరుపట్టీకి కుడివైపు చివర 'రిమార్కులు' అని ఒక గడి ఉంటుంది. ఆదివారం క్లాసుకు వచ్చినవాళ్లు పట్టీలో సంతకం పెట్టి పక్కవాళ్లకు అందిస్తారు. ఒకసారి ఆ గడిలో, బట్టలు కుట్టి బతికే ఒకావిడ పేరు ఎదుట, ఎర్ర సిరాతో 'ఎల్‌డీ' అని ఉంది. లెర్నింగ్ డిజెబిలిటీ, అంటే అభ్యసన వైకల్యం. రాసింది నేనే. పరీక్షలో ఆవిడకు అదనపు సమయం అడగాలని గుర్తు కోసం రాసుకున్నాను. పట్టీ రెండు బెంచీలు దాటిందో లేదో, "అక్కా, ఎల్‌డీ అంటే ఏంటి?" అని వెనకనుంచి ఒకమ్మాయి ఆవిడను గట్టిగా అడిగింది. తర్వాతి ఆదివారం ఆవిడ రాలేదు. ఆపై వారమూ రాలేదు.

అప్పట్నుంచి ఇలాంటి వివరాల ఫైలు కట్టే తీరు మార్చుకున్నాం. ఇలాంటి సెంటర్లు నడిపేవాళ్లకు పనికొస్తుందేమోనని, చేసే వరసలోనే చెబుతున్నాను.

ముందు అడగడం. అడ్మిషన్ టేబుల్ దగ్గర ఎప్పుడూ పదిమంది మూగి ఉంటారు. అక్కడ వైకల్యం మాట ఎత్తం. ఫారంలో ఆ వివరం ఖాళీగా వదిలేస్తాం. మొదటి రెండు వారాల్లో ఒక్కొక్కరినీ పావుగంట విడిగా కూర్చోబెట్టి మాట్లాడతాం. అందర్నీ. కొందర్నే పిలిస్తే పిలవడమే చాటింపైపోతుంది. అడిగేది ఇంతే: చదివేటప్పుడు, రాసేటప్పుడు ఎక్కడ ఇబ్బంది, ఏం చేస్తే తేలికవుతుంది? పేరు పెట్టడం మా పని కాదు. నలభై దాటినవాళ్లకు అక్షరాలు అలుక్కుపోతున్నాయంటే చాలాసార్లు కావలసింది కళ్లద్దాలే. మూడో తరగతిలో బడి మానేసినవాళ్లకు ఒత్తులు తడబడుతున్నాయంటే అలవాటు తప్పింది, అంతే. ఎంత సాధన చేసినా 'మ'కీ 'య'కీ తేడా నిలవడం లేదంటే అప్పుడు క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లమంటాం, అదీ వాళ్లకు ఇష్టమైతేనే.

అదే పావుగంటలో ఇంకో ప్రశ్న అడుగుతాం: ఫారంలో ఇచ్చిన ఫోన్ నంబరు ఎవరిది? సగం మంది ఆడవాళ్ల ఫారాల్లో భర్త నంబరో కొడుకు నంబరో ఉంటుంది. "రేపు సర్టిఫికెట్ తీసుకురండి" అని మనం పంపే మెసేజి ముందుగా చదివేది వాళ్లే. బడిపిల్లల విషయంలో తల్లిదండ్రులకు చెప్పకుండా ఏదీ చెయ్యం. పద్దెనిమిది దాటిన మనిషి సంగతి అలా కాదు. ఇంట్లో ఎవరికి తెలియాలో ఆవిడే చెప్పాలి. ఒకావిడైతే "మా అత్తగారికి తెలిస్తే నా కూతురి పెళ్లి దాకా లాగుతుంది" అంది. అలాంటివాళ్లకు మెసేజీలు పంపం. క్లాసుకు వచ్చినప్పుడే నోటితో చెబుతాం.

ఇక అనుమతి. నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. వ్యక్తిగత సమాచారం తీసుకునేముందు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేన్లోగానీ చదువుకునే వీలుండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో రాశారు. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. బాగానే ఉంది. కానీ అక్షరమే పగవాడైన మనిషికి నోటీసు ఏ భాషలో ఇస్తే ఏం? కాబట్టి తలుపు వేసి నేనే పైకి చదువుతాను. మొత్తం నాలుగు వాక్యాలు: ఏ కాగితం తీసుకుంటున్నాం, ఎందుకు, ఎవరెవరు చూస్తారు, ఎప్పుడు తిరిగిస్తాం. చదివాక ఆవిడ చేత ఆవిడ మాటల్లో చెప్పించుకుంటాను. "అంటే లెక్కల సారుకి తెలీదన్నమాట" అంటే అర్థమైనట్టు. "మీరెలా చెబితే అలా సార్" అంటే కానట్టు, మళ్లీ మొదటికి. రేపు మనసు మారితే కాగితం వెనక్కి తీసుకోవచ్చని కూడా చెబుతాను. సంతకం ఆ తర్వాతే.

పరీక్షలో అదనపు సమయం అడగడానికి కావలసిన వైకల్య సర్టిఫికెట్ కథ పొడవైనదే, ఇక్కడ కురచగా చెబుతాను. 1995 నాటి వికలాంగుల చట్టం జాబితాలో అభ్యసన వైకల్యం లేనే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చేరింది. అందుకే మా దగ్గరికొచ్చే నడివయసువాళ్లు బడికెళ్లిన రోజుల్లో పాత చట్టం కింద వాళ్లకు కాగితమిచ్చే దారి లేదు. మొద్దులన్న పేరొకటే మిగిలింది. ఇప్పుడు మీసేవలోనో సచివాలయంలోనో స్లాటు తీసుకుని, వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపుకు వెళ్లాలి.

ఆ కాగితం చేతికొచ్చాక గుట్టు రట్టయ్యేది ఎక్కువగా జిరాక్స్ షాపులో. "వాట్సాప్ చెయ్యండమ్మా, ప్రింటు తీస్తాను" అంటాడు షాపతను. ఆ ఫైలు వాడి కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో నెలల తరబడి పడి ఉంటుంది. తర్వాత వచ్చిన గిరాకీ తన ఫైలు వెతుక్కుంటూ దాన్ని కూడా తెరుస్తాడు. అందుకే అసలు కాగితం సెంటరుకే తెమ్మంటాం, మా మెషీన్‌లోనే ఒక్క కాపీ తీస్తాం. దాని మీద అడ్డంగా 'ఓపెన్ స్కూల్ పరీక్ష సౌకర్యం కోసం మాత్రమే' అని రాసి తేదీ వేస్తాం. ఒరిజినల్ అప్పుడే ఆవిడ చేతిలో పెట్టేస్తాం. ఫోనుతో ఫొటో తీయడం మా దగ్గర నిషేధం, నాకు కూడా.

ఇప్పుడు రెండు కవర్లు. మొదటిదాంట్లో సర్టిఫికెట్ కాపీ, అనుమతి కాగితం. అంటించి, బీరువా సొరుగులో పెట్టి తాళం వేస్తాం. పరీక్షల దరఖాస్తుతో పైకి పంపాల్సినప్పుడు తప్ప అది కదలదు. రెండోదాంట్లో ఒక చీటీ. టీచర్లు చూసేది అదొక్కటే. అందులో వైకల్యం పేరుండదు, శాతం ఉండదు. 'బోర్డు మీద రాసింది పైకి చదవండి. అందరి ముందూ లేపి పాఠం చదివించొద్దు. ప్రశ్నపత్రం పెద్ద అక్షరాల్లో ఇవ్వండి.' లెక్కల సారుకు పాఠం చెప్పడానికి ఇంతకు మించి అక్కర్లేదు. "అసలు ప్రాబ్లం ఏంటి?" అని ఆయన రెండుసార్లు అడిగారు. చీటీలో ఉన్నదేనన్నాను.

పరీక్ష హాల్లోనూ ఇదే లెక్క. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, అంటే మూడు గంటల పేపరుకు గంట. ఇన్విజిలేటర్ చేతిలో 'గంట అదనం, స్క్రైబ్' అన్న అనుమతి ఉత్తర్వు ఉంటే చాలు. అయితే పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషిని ఏ కవర్లో దాచగలం? అందరూ చూస్తారు. బయటికొచ్చాక అడుగుతారు. ఏం చెప్పాలో ముందే ఆవిడతో అనుకుంటాం. "చెయ్యి నొప్పి" అంటానంది ఒకావిడ. అబద్ధమేగా అన్నారు మా కోఆర్డినేటర్. పరాయివాళ్లకు నిజం చెప్పాల్సిన బాకీ ఆవిడకేముందో నాకైతే కనపడలేదు.

ఫలితాలొచ్చి, మెమో చేతికందాక, రీకౌంటింగ్ గడువు కూడా దాటాక మొదటి కవరు తీసి ఆవిడకే ఇచ్చేస్తాం. తీసుకోవడానికి రాకపోతే ఒకసారి కబురు పెడతాం, అదీ ఆవిడ చెప్పిన దారిలోనే. అప్పటికీ రాకపోతే కాగితాలు చింపి బకెట్టు నీళ్లలో నానబెట్టి ముద్ద చేస్తాం. పాత పేపర్లవాడికి మాత్రం వెయ్యం. మా వీధి చివర మిరపకాయ బజ్జీల పొట్లం విప్పితే ఒకసారి ఎవరిదో సదరం సర్టిఫికెట్ సగం, నూనె మరకలతో, పేరుతో సహా కనిపించింది.