భూమిలో బొక్కలు: కందిరీగలను గుర్తుపట్టుట ఎట్లా?

మన హాస్టల్ బీరపాదు దగ్గర బొక్కలు పడినవి. పెద్ద కందిరీగలు ఉన్నవి, కిరసనాయిలు పోసి కాల్చాలె అని అందరు అంటున్నరు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

మేము చెంచువాళ్ళం. అమ్రాబాద్ అడవిలో మా పెంట. పోయిన ఏడు మా తమ్ముడు ఎలుక బొక్కల కట్టె పెట్టి తిప్పిండు. పెద్ద కందిరీగలు లేచి కుట్టినవి. ముఖం వాచింది, ఊపిరి ఆడలేదు. నాయిన వాణ్ణి భుజాన వేసుకొని రోడ్డు దాకా ఉరికిండు. దవాఖానల సూది వేస్తే బతికిండు.

అప్పటినుంచి బొక్క చూస్తే నాకు భయం. దసరా సెలవులల్ల పెరట్లో బొక్కలు కనబడితే మసలే నీళ్ళు తెచ్చిన. నాయిన ఆపిండు. "తేనె తీసేటోడు ముందుగాల ఈగల దారి చూస్తడు బిడ్డా. నువ్వు చూసినవా?" అన్నడు. ఇద్దరం దూరంగా కూసొని పొద్దుగూకే దాకా చూసినం. మూడు రకాలు కనబడినవి. పేర్లు మా సైన్సు టీచర్ చెప్పారు.

1. ఒక బొక్కకు ఒక్కటే ఈగ. నడుము దారం లాగ సన్నగా ఉంటది. మిడతను కుట్టి, కదలకుండా చేసి, బొక్కలోకి ఈడ్చుకపోతది. దాని మీద గుడ్డు పెట్టి మట్టితో మూస్తది. దీని పేరు స్ఫెక్స్. చేతితో పట్టుకుంటే తప్ప మనిషిని కుట్టదు.

2. ఎరువు కుప్ప మీద తక్కువ ఎత్తులో తిరిగేవి. నల్లగా, ఒంటినిండ వెంట్రుకలు, పసుపు మచ్చలు. పేరు స్కోలియా. ఆడది మట్టిని తవ్వి వేరుపురుగు మీద గుడ్డు పెడతది. పిల్ల ఆ పురుగును తిని పెరుగుతది. వనపర్తి, గద్వాల దిక్కు నుంచి వచ్చినవాళ్ళకు పల్లి చేనులో వేరుపురుగు సంగతి తెలుసు. దాన్ని తినేది మనకు చుట్టమే కదా!

3. ఒకే బొక్కలోకి చాలా ఈగలు వచ్చిపోవుట. ఇవి సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఉంటవి. నల్లని ఒళ్ళు, పొట్ట మీద వెడల్పు పసుపు పట్టీ ఉంటే వెస్పా ట్రోపికా. ఎర్ర గోధుమ రంగు, పసుపు పట్టీలు ఉంటే వెస్పా ఓరియంటాలిస్. గూటి జోలికి పోతే గుంపుగా వస్తవి. తేనెటీగ ముల్లు విరిగి మనలో ఉండిపోతది. కందిరీగ ముల్లు విరగదు, మళ్ళీ మళ్ళీ కుడతది.

కుడితే చేతులు ఊపకుండా దూరం పోవాలె. చల్లని తడిగుడ్డ పెట్టాలె. ముఖం వాచినా, ఊపిరి ఆడకున్నా, చాలా కుట్టినా వెంటనే దవాఖానకు పోవాలె.

రెండు దినాలు నేను మన పాదు దగ్గర దూరం నుంచి చూసిన. అక్కడి నాలుగు బొక్కలకు ఒక్కొక్క ఈగే ఉన్నది. కాని నీళ్ళ ట్యాంకు వెనుక ఒక బొక్క ఉన్నది. నేను వంద లెక్కపెట్టేలోపల పన్నెండు వచ్చిపోయినవి. పట్టీ కూడ కనబడింది.

వార్డెన్ మేడం గారూ, పాదు దగ్గర కిరసనాయిలు పోయించవద్దని మనవి. ట్యాంకు వెనుక ముండ్ల కంప వేయించి, తెలిసినవాళ్ళను పిలిపించండి. చిన్న తరగతుల పిల్లలను అటు పోనియ్యకండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని