డీజే అంటే స్పీకర్ల బండి కాదు: న్యూయార్క్ రాక్ రేడియో చెప్పే పాఠం

డీజే అనగానే మనకి బరాత్ ముందు వెళ్లే స్పీకర్ల బండి గుర్తొస్తుంది. రేడియోలో మాట్లాడేవాళ్లని మనం ఆర్జే అంటాం. అమెరికాలో మాత్రం ఆ రేడియో మనిషి పేరే డిస్క్ జాకీ. అంటే రికార్డులు తిప్పుతూ మధ్యమధ్యలో మాట్లాడే మనిషి. ఇప్పుడు మనం తర్వాత ఏ పాట వినాలో యాప్ చెప్తోంది కదా, ఒకప్పుడు న్యూయార్క్‌లో ఆ పని వీళ్లు చేశారు. అది వాళ్ల చేతుల్లోంచి ఎలా జారిపోయిందో సీఎస్ఈ వాళ్లం మనం తెలుసుకోవాలి.

1. ఎఫ్ఎమ్‌కి ఛాన్స్ ఎలా వచ్చింది?

1960ల మొదట్లో అక్కడ హిట్ పాటలన్నీ ఏఎమ్‌లోనే వచ్చేవి. ఏఎమ్‌లో ఒక్కో ఛానల్‌కి 10 కిలోహెర్ట్జ్ ఇస్తే, ఎఫ్ఎమ్‌లో 200 ఇస్తారు. అందుకే ఎఫ్ఎమ్‌లో శబ్దం శుభ్రంగా ఉంటుంది. 1961 నుంచి స్టీరియో కూడా వచ్చింది. అయినా చాలామంది యజమానులు ఏఎమ్ ప్రోగ్రామ్‌నే ఎఫ్ఎమ్‌లో కూడా వేసేవాళ్లు. పెద్ద నగరాల్లో సగం సమయానికి మించి అలా వేయకూడదని ప్రభుత్వ కమిషన్ రూల్ పెట్టింది. దాంతో తక్కువ ఖర్చులో కొత్త ప్రోగ్రామ్‌లు కావాల్సి వచ్చాయి. ఒక మనిషి, రెండు టర్న్‌టేబుళ్లు, కొన్ని ఆల్బమ్‌లు ఉంటే సరిపోయింది.

2. రాత్రి పక్షి

102.7లో వచ్చే డబ్ల్యూఎన్ఈడబ్ల్యూ-ఎఫ్ఎమ్ 1966లో మొత్తం ఆడవాళ్లనే డీజేలుగా పెట్టింది. మరుసటి ఏడాదే ఆ ప్రయోగం ఆపేసి రాక్ వైపు మళ్లింది. అప్పుడు మిగిలింది ఆలిసన్ స్టీల్ ఒక్కరే. ఆమెకి దక్కింది నడిరాత్రి షిఫ్ట్. ఆమె దాన్నే తన బలం చేసుకుని, తనకి 'నైట్‌బర్డ్' అని పేరు పెట్టుకున్నారు. వెనక సంగీతం వస్తుండగా కవిత చదివి షో మొదలుపెట్టేవారు. ఏ పాట వేయాలో తనే ఎంచుకునేవారు. 1976లో బిల్‌బోర్డ్ పత్రిక అవార్డు కూడా వచ్చింది.

అదే స్టేషన్‌లో మధ్యాహ్నాలు స్కాట్ మ్యూనీ బొంగురు గొంతు వినిపించేది. 1974లో డెనిస్ ఎల్సాస్ షోకి వచ్చిన జాన్ లెనన్ పాటలు వేసి, వాతావరణ వార్తలు, ప్రకటనలు కూడా చదివాడు. 1980 డిసెంబర్ 8 రాత్రి ఆ లెనన్ హత్య వార్తని అదే స్టేషన్‌లో చెప్పాల్సి వచ్చింది విన్ సెల్సాకి. ఆ వార్త తర్వాత ఏ పాట వేయాలి? ఏ ప్లేలిస్టూ దీనికి జవాబు చెప్పలేదు.

3. పనితనం ఎక్కడుంది?

ఒక పాట చివర్ని ఇంకో పాట మొదట్లోకి అతుకు కనిపించకుండా కలపడాన్ని 'సెగ్వే' అంటారు. సంగీతం మీద మాట్లాడుతూ, గాయకుడు గొంతు ఎత్తే క్షణానికి సరిగ్గా మాట ముగించడం ఇంకో విద్య. వినడానికి ఈజీగా ఉంటుంది కానీ, ప్రతి పాట ముందు సంగీతం ఎన్ని సెకన్లో తెలిసుండాలి.

4. 'క్లాసిక్' ఎలా అయింది?

శ్రోతలు పెరిగితే ప్రకటనలు పెరిగాయి, రిస్క్ తీసుకోవాలంటే భయమూ పెరిగింది. పాట ముక్కని ఫోన్‌లో వినిపించి, నచ్చిందా అని అడిగే సర్వేలు వచ్చాయి. 1979లో మొదలైన ఆర్‌సీఎస్ అనే కంపెనీ 'సెలెక్టర్' అనే సాఫ్ట్‌వేర్‌తో పాటల షెడ్యూల్ కంప్యూటర్‌కి అప్పగించింది. 1980లలో పాత హిట్‌లే వేసే 'క్లాసిక్ రాక్' ఫార్మాట్ స్థిరపడింది. 1996 టెలికాం చట్టం ఒక కంపెనీ దేశం మొత్తం మీద ఎన్ని స్టేషన్లు కొనొచ్చు అనే పరిమితిని తీసేసింది. 1999లో డబ్ల్యూఎన్ఈడబ్ల్యూ-ఎఫ్ఎమ్ రాక్ వదిలేసి మాటల స్టేషన్ అయింది. మ్యూనీ క్లాసిక్ రాక్ స్టేషన్ క్యూ104.3కి మారి, చివరి ఏళ్లలో అక్కడే పనిచేశారు.

ఇక్కడున్న లాజిక్ చూడండి. సర్వేలో తెలిసిన పాటకే మార్కులు ఎక్కువ. మార్కులొచ్చిన పాటే మళ్లీ మళ్లీ వస్తుంది, అందుకే ఇంకా బాగా తెలుస్తుంది. కొత్త పాటకి వినిపించే అవకాశమే రాదు. మెషీన్ లెర్నింగ్‌లో దీన్నే ఫీడ్‌బ్యాక్ లూప్ అంటాం. తప్పు కంప్యూటర్‌ది కాదు. 'బోర్ కొట్టి స్టేషన్ మార్చకుండా చూడు' అని దానికి లక్ష్యం ఇచ్చింది మనుషులే. ఆలిసన్ స్టీల్ లక్ష్యం వేరు: నిద్రపట్టని మనిషికి తోడుగా ఉండటం. రేపు మనం రికమెండేషన్ సిస్టమ్ రాస్తే, ఈ రెండిట్లో ఏది రాస్తామన్నదే అసలు ప్రశ్న.

హోమ్‌వర్క్: ఐదు పాటలు ఎంచుకోండి. ఒకదాని తర్వాత ఇంకోటి ఎందుకో ఒక్కో వాక్యం రాయండి. మీ రూమ్‌మేట్ ఎప్పుడూ వినని పాట అందులో ఒకటైనా ఉండాలి. కానీ మధ్యలో లేచి వెళ్లిపోకూడదు. అప్పుడు తెలుస్తుంది, డీజే పని ఎంత కష్టమో!