పరులకై చాచిన చేయి

తనకొఱకు అడుగుట మనుష్యునకు సహజముగనే అలవడును. ఆకలిగొన్న శిశువు మాటలు నేర్వకమున్నే అడుగుట నేర్చుకొనును. అయితే తనకు ఏ చుట్టరికమును లేని యొక వృద్ధుని కంటిచూపుకొఱకో, తా నెన్నడును చూడని యొక పసిబిడ్డ కాలి బలముకొఱకో, పొరుగువాని గడపయెదుట నిలిచి, చేత రసీదు పుస్తకము పట్టుకొని, "మీకు తోచినది యిప్పించుడు" అని అనవలసివచ్చినపుడు, సభలలో మాటకారియని పేరుపొందినవానికి సైతము గొంతు తడియారిపోవును. వ్యక్తిత్వవికాసమును బోధించువారు ధైర్యమును, వాక్చాతుర్యమును అద్దము నెదుట నిలిచి అభ్యసింపుడని చెప్పుచుందురు. అద్ద మెన్నడును మనలను "మఱల రండు" అని త్రిప్పిపంపదు. "పోయినసారి యిచ్చిన దేమైన" దని నిలదీయదు. మనుష్యులు ఆ రెండు పనులను చేయుదురు కనుకనే, పదిమందితో కూడి పరులకొఱకు చందా యెత్తుట, ఎత్తినదానికి లెక్క చెప్పుట, చెప్పి మఱల ఆ గడపకే పోగలుగుట యను నీ సాధన మనుష్యుని తీర్చిదిద్దినట్లు ఏ యుపన్యాసమును తీర్చిదిద్దజాలదని నా దృఢవిశ్వాసము.

ఈ మాటలను జుక్కల్ ప్రాంతమును మనసున నుంచుకొని వ్రాయుచున్నాను. మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రముల సరిహద్దులు రెండును చేరువనే యున్న యీ నల్లరేగడి సీమ యొకప్పుడు నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోని యొక సర్కిలు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు దెగ్లూరు బొంబాయి రాష్ట్రమునకు పోగా, జుక్కల్, బిచ్కుంద సర్కిళ్లు రెండును తెలుగువారితో నిలిచిపోయినవి. నేడు బాన్సువాడ రెవెన్యూ డివిజనులో, తెలంగాణమున 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో నున్న యీ మండలమున తెలుగును, మరాఠీని, కన్నడమును ఒకే అంగడిలో వినవచ్చును. కౌలాస కోట గోడలను, కౌలాసనాలా జలాశయమును చూడవచ్చిన యాత్రికుడు రెండు గడియలలో మరలిపోవును గాని, యిచ్చటి సోయా, కంది చేలలో వయసంతయు వెచ్చించిన వృద్ధునకు కంటిలో శుక్లము కమ్మిన నాడు, జిల్లా కేంద్రమున కాతని గొనిపోయి తిరిగి తెచ్చుట యింటిల్లిపాదికిని ఒకనాటి కూలి పోగొట్టు కార్యము. రాజధానులకు దూరముగా, సరిహద్దునకు దగ్గరగా నున్న యిట్టి సీమలలో, ఎవరో వచ్చి చేయుదురని కూర్చుండుటకంటె నలుగురు కూడి చేసికొనుట మేలని వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్లు కూడినవారు లోకప్రసిద్ధమైన సంస్థయొక్క బిళ్లను రొమ్మున ధరించినను సరే, తమ వాడపేరనే సంఘమును పెట్టుకొన్నను సరే, వారి యెదుట నుండు పరీక్ష యొక్కటియే.

సేవాక్లబ్బుల పుట్టుక సేవకొఱకు కాదను సంగతి చాలమందికి తెలియదు. 1905 ఫిబ్రవరి 23న షికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది, ఒక బొగ్గు వ్యాపారిని, ఒక గని యింజనీరును, దుస్తులు కుట్టించి అమ్ము నొక వర్తకుని కలిసికొని మొదటి సమావేశమును జరిపినది, మహానగరములో తోడులేనితనమును పోగొట్టుకొనుటకును, ఒకరి వ్యాపారమున కొకరు సాయపడుటకును మాత్రమే. వంతులవారీగా సభ్యుల కార్యాలయములలో కూడుకొనుచుండుటచే దానికి రోటరీ యని పేరు వచ్చినది. ఆ స్నేహము స్నేహముగనే నిలిచియుండినయెడల నేడు దానిని తలచువా రుండెడివారు కారు. కొలది యేండ్లలోనే ఆ సభ్యులు నగరమధ్యమున ప్రజలకొఱకు మరుగుదొడ్లు కట్టింపవలెనని పూనుకొనిరి. అదియే వారి తొలి ప్రజాసేవ. మరుగుదొడ్డి కంటె తక్కువ కీర్తి తెచ్చు కట్టడము లేదు, దానికంటె ఎక్కువ అవసరమైనదియు లేదు. ఒక్కొక్క వృత్తినుండి ఒక్కొక్కరిని మాత్రమే చేర్చుకొనవలెనని వారు తొలినాళ్లలో పెట్టుకొన్న నియమము నాకు మిక్కిలి ప్రియమైనది. వకీలు వకీళ్లతోను, వర్తకుడు వర్తకులతోను కూడుట సులభము; భిన్నవృత్తులవారు ఒకే బల్లచుట్టు కూర్చున్నపుడు, తన వృత్తిలో పెద్దవాడైనవాడు తక్కినవానిలో శిష్యుడు కాక తప్పదు. మన గ్రామములలో వాడకొక కులము, కులమునకొక సంఘము ఉన్నవి. ఉపాధ్యాయుడును, ఎరువుల దుకాణదారుడును, ట్రాక్టరు నడుపువాడును, ఆశా కార్యకర్తయు, దళితవాడ యువకుడును సమానముగా కూర్చుండి తగవులాడి తీర్మానము చేయు చోటు మాత్రము అరుదు. జుక్కల్ వంటి చోట అట్టి చోటు నొకదానిని కల్పించుటయే సంఘము చేయు మొదటి సేవ యగును.

అడుగుటలోని మహత్తును నేర్చుకొనగోరువారికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ బాల్యమును మించిన పాఠము తెలుగునేల మీద లేదు. 1921 ఏప్రిలులో, బెజవాడ కాంగ్రెసు సమావేశమైన వెంటనే గాంధీజీ కాకినాడకు వచ్చుచున్నారని తెలిసినపుడు ఆమెకు పండ్రెండేండ్లు నిండలేదు. ఆ బాలిక తనకొఱకు దర్శనమును కోరలేదు. ఊరిలోని దేవదాసీ స్త్రీలును, గోషాలోనుండు ముస్లిము స్త్రీలును మహాత్ముని మాట విని తమ బ్రతుకులను మార్చుకొనవలెనని ఆమె తలంపు. అయిదువేల రూపాయల నిధిని సమకూర్చినయెడల కొద్ది నిమిషములు ఇప్పింతుమని నిర్వాహకులు చెప్పిరి. పెద్దలే వెనుదీయవలసిన మొత్తమది. ఆమె ఆ స్త్రీలయొద్దకే పోయి అడిగినది. లోకము చిన్నచూపు చూచిన ఆ స్త్రీలే ధనమును సమకూర్చిరి. సభకు చోటు దొరకనపుడు తాను చదువుకొన్న పాఠశాల ప్రధానోపాధ్యాయుని అడిగి ఆ యావరణమును సంపాదించినది. కొద్ది నిమిషములకని వచ్చిన మహాత్ముడు చాలసేపు మాటలాడెను. స్త్రీలు ఒడలిమీది నగలను ఒలిచి నిధికి సమర్పించిరి. ఆనాడు ఆయన హిందీ ప్రసంగమును తెలుగున అనువదించి వినిపించినదియు ఆ బాలికయే.

ఈ యుదంతమున నన్ను నిలువరించునది మొత్తముయొక్క పెద్దతనము కాదు. ఆ పిల్ల ధనికుల ముంగిళ్లకు మొదట పోలేదు. ఎవరి మేలుకొఱకు కార్యమో వారినే భాగస్వాములను చేసినది. దయకు పాత్రులని లోకము తలచువారిని దాతలను చేసినది. సేవాసంఘములు సాధారణముగా మఱచు ధర్మ మిదియే. కంటి శిబిరము తలపెట్టినవారు పట్టణపు వ్యాపారుల కొఱకు మాత్రమే ఎదురుచూచి, శిబిరమునకు వచ్చు పల్లెల పేదలు తమ వంతుగా వంటకొక పిడికెడు కందిపప్పును, ఒక పూట శ్రమను ఇచ్చు నవకాశమును కల్పింపనిచో, వారి సంకల్పము మంచిదే యైనను అందొక యహంకారము దాగియున్నదని చెప్పక తప్పదు. ఇచ్చినవాడు తలయెత్తుకొని వచ్చును. పుచ్చుకొనుట మాత్రమే యెఱిగినవాడు తల వంచుకొని పోవును.

రెండేండ్ల పిదప, 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఖాదీ ప్రదర్శనశాల ద్వారమున ఆమె స్వచ్ఛందసేవికగా నిలిచినది. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేక రాగా, ఆమె ఆపినది. నిర్వాహకులు కలవరపడి టిక్కెట్టు కొని తెచ్చినగాని విడువలేదు. ఆయనయు కోపింపక, ఆ దృఢత్వమును మెచ్చుకొనెను. అడుగునపుడు వినయమును, లెక్కయెడ కాఠిన్యమును ఒకే వ్యక్తిలో ఎట్లు ఇముడునో చూపుటకు ఇంతకంటె వేఱు నిదర్శనము కావలయునా? 1937లో మద్రాసున ఆంధ్రమహిళాసభ నామె స్థాపింపగలిగినది అట్టి శిక్షణవలననే యని నేను నమ్ముదును.

లెక్కల విషయమున లయన్సు క్లబ్బులు పాటించు నొక నియమమును ప్రతి గ్రామసంఘమును అనుసరింపవలెను. 1917లో మెల్విన్ జోన్స్ అను బీమా వ్యాపారి షికాగోలో నాంది పలికిన ఆ సంస్థ, ప్రజలనుండి సేకరించిన ధనమును ఒక ఖాతాలోను, సభ్యులు చెల్లించు రుసుమును వేఱొక ఖాతాలోను ఉంచుమని విధించినది. భోజనములు, సమావేశములు, ప్రయాణములు సభ్యుల సొంత రుసుమునుండియే జరుగవలెను. ప్రజలసొమ్ము ప్రజలకే పోవలెను. వినుటకు చిన్నదిగా తోచు నీ నియమమును పాటించు మనుష్యునికి తెలియకయే ఆత్మనిగ్రహము అలవడును. ఈ పాఠమును మన పల్లెల పొదుపు సంఘముల స్త్రీలు ఎప్పుడో నేర్చియున్నారు. వారి సమావేశమున తీర్మానముల పుస్తకము తెఱచియుండును, పాసుబుక్కులో వ్రాయని రూపాయి రూపాయి కాదు. జుక్కల్‌లో ఎవరైన క్రొత్తగా సేవాసంఘమును స్థాపింపదలచినచో కోశాధికారి పదవికి ముందుగా ఒక మహిళాసంఘపు లెక్కలు వ్రాసిన స్త్రీని వెదకుడని నా మనవి.

జుక్కల్ చేరియుండిన పాత ఇందూరు (నిజామాబాదు) జిల్లా పల్లెలలో గ్రామాభివృద్ధి కమిటీలు చిరకాలమునుండి ఉన్నవి. వేలముల ద్వారమునను, ఇంటింటి వసూళ్ల ద్వారమునను ధనమును కూర్చి, ప్రభుత్వముకొఱకు వేచియుండక, పాఠశాలలకు గదులను, ఊరికి బాటలను, గుడులను కట్టించిన కమిటీలు గలవు. ఆ సమష్టిశక్తి గర్వింపదగినది. అయితే చెల్లింపనివానిని, మాట వినని కుటుంబమును సాంఘికముగా వెలివేయుట, జరిమానా విధించుట యను దుర్నయము కొన్ని చోట్ల దానితో పెనవైచుకొని, పోలీసుఠాణాలవఱకును న్యాయస్థానములవఱకును పోయినది. భయపెట్టి తీసికొన్న ధనముతో కట్టిన గుడికంటె, ప్రీతితో ఇచ్చిన పది రూపాయలతో కొన్న కంటిచుక్కల మందు గొప్పదని నిర్మొగమాటముగ చెప్పుచున్నాను. "లేదు" అనుటకు పొరుగువానికి గల స్వాతంత్ర్యమును గౌరవించి, మఱునాడు వానితో మునుపటివలెనే పలుకరించి నవ్వగలిగినవాడే చందాపుస్తకమును ముట్టుటకు అర్హుడు.

త్రిప్పిపంపబడుటలోని శిక్షణ యెంతటిదో పోలియో నిర్మూలనమును తలచికొన్న తెలియును. 1985లో రోటరీ సంస్థ ప్రపంచమునుండి ఆ వ్యాధిని తుడిచిపెట్టుటకు పూనుకొనినది. మన దేశమున పల్స్ పోలియో 1995లో ఆరంభమైనది. ఏండ్ల తరబడి ఇంటింటికి తిరిగిన పిమ్మటను, 2009లో దేశమున 741 మంది పిల్లలు ఆ వ్యాధివాత పడిరి. అంతటితో చేతులు ముడుచుకొన్నచో ఎవరు తప్పుపట్టెడివారు? ప్రభుత్వపు సిబ్బందియు, స్వచ్ఛందసేవకులును టీకా వలదన్న యింటికే మఱల పోయిరి. ఉత్తరప్రదేశమున జనులు ఎవరిమాట విందురో ఆ ముస్లిము మతగురువులనే రోటరీ సభ్యులు తోడు తెచ్చుకొనిరి. మరుసటియేట ఆ సంఖ్య 42 అయ్యెను. 2011 జనవరి 13న హౌరా ప్రాంతమున కనబడిన యొక్క పసిబాలికతో దేశమున ఆ వ్యాధి యంతరించినది. 2014 మార్చి 27న భారతదేశము పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపఱచినది. ఏ యొక్కనిదియు కాని విజయమది. తన పేరు ఎక్కడను వ్రాయబడదని తెలిసియు ఒక వీధి వంతు తీసికొని ముగించిన లక్షలాది జనులు అందున్నారు.

పదవిని గూర్చి ఒక్క మాట. రోటరీలో అధ్యక్షుడు ప్రతి యేడును జూలై 1న మారును. ఎంత సమర్థుడైనను ఏడాది గడవగానే దిగి, నిన్నటి తన కార్యదర్శి చెప్పిన పనికి తలయూపవలెను. మన సంఘములు పెక్కు ఈ గండమునొద్దనే చీలిపోవుచున్నవి. ఫ్లెక్సీలో ఎవరి ముఖ మెంత పెద్దదిగా నుండవలెనను తగవు వచ్చిన సంఘమునకు ఇక కంటి శిబిరముతో పనిలేదు.

శిబిరము జరుగుట యొక్కనాటి పని. తరువాతి వారములు సేవకుని స్వభావమును బయటపెట్టును. శుక్లము తీయించుకొనివచ్చిన వృద్ధురాలికి వారముల తరబడి చుక్కల మందు వేయవలెను, కంటిని పొగకును దుమ్మునకును దూరముగ నుంచవలెను, చెప్పిన దినమున వైద్యునికి మఱల చూపవలెను, అటుపై కళ్లజోడు ఇప్పింపవలెను. అప్పటికి ఛాయాచిత్రములు తీయువా రుండరు. ఈ భాగమును నేను పాఠశాల విద్యార్థులకు అప్పగింపగోరుదును. విద్యార్థులకై లయన్సువారు 1957లో లియో క్లబ్బులను, రోటరీవారు 1962లో ఇంటరాక్ట్ క్లబ్బులను ఆరంభించినది ఊరక కాదు. జుక్కల్‌లో పదవ తరగతి చదువు బాలిక యొకతె తన వీధిలోని నలుగురు రోగుల పేర్లను నోటుపుస్తకమున వ్రాసికొని, తెలుగు వచ్చినవారికి తెలుగునను, మరాఠీవారికి మరాఠీనను మందువేళలు చెప్పి, సాయంకాలమున పోయి వేసినారో లేదో విచారించి, వేయనివారి సంగతి సంఘపు కార్యదర్శికి తెలుపవలెను. ఆ కార్యదర్శి వయసున ఆమెకు తండ్రివంటివాడే యైనను, ఆమె తెచ్చిన ఫిర్యాదునకు ఆ రాత్రియే బదులు చెప్పవలెను.