అశోకపట్టను గూర్చి ఒక లేఖ

చి. ల. సౌ. అమ్మాయికి, ఆశీస్సులు.

నీ యుత్తరము చేరినది. ద్రవ్యగుణ పాఠములో అశోకమును గూర్చి విని, కళాశాల ప్రహరీగోడ వెంట బారులు తీరియున్న చెట్ల పట్టను గోటితో గిల్లి నాలుకపై నుంచుకొంటిననియు, గురువులు చెప్పిన వగరు దానియందు కానరాలేదనియు వ్రాసితివి. పాఠము విని యూరకుండక చెట్టుకడకు నడచినందుకు మిగుల సంతసించితిని. కాని నీవు రుచి చూచినది అశోకము కాదు, నరమామిడి. కచేరీల ముంగిళ్ళలోను, బడి ఆవరణములలోను అశోకమని యెల్లరు పిలుచుచున్నది దీనినే. మూలికల యంగళ్ళకు అశోకపట్ట యను పేర వచ్చు సరకులో దీని పట్ట కలియుట నేడు క్రొత్తగ పుట్టిన వింతయు కాదు.

ఈ రెంటిని వేఱుపఱచుట కష్టము కాదు. నరమామిడి స్తంభమువలె నిటారుగ పెరుగును; ఒంటియాకు, అంచులు అలలు తేరి యుండును; పూవులు ఆకుపచ్చని చుక్కలై ఆకులలో కలిసిపోవును. అశోకమన్ననో కొమ్మలు విరియబోసికొని గుబురుగ నెదుగు మధ్యమవృక్షము. దాని యాకు, ఒకే కాడకు జంటలు జంటలుగ కూర్చిన చిన్న యాకుల సముదాయము. లేజివురు రాగివన్నెతో మెత్తనై, క్రిందికి వ్రేలాడుచుండును. పూవులు గుత్తులై ముదురుకొమ్మలనుండి సైతము పుట్టుకొని వచ్చును. చూపరులు రేకులని భ్రమించునవి రేకులు కావు, రక్షకపత్రములు; అవి మొదట నారింజవన్నెతో నుండి, దినములు గడచినకొలది ఎఱ్ఱబారును. వాని నడుమనుండి పొడవైన కేసరములు బయటికి సాగి యుండును. మాళవిక పాదతాడనముచే పుష్పించినట్లు కాళిదాసు నాటకమున కల్పించినది ఈ చెట్టునే. లంకలో సీతమ్మ కూర్చుండినదియు దీని నీడనే యని పలువురు తలతురు గాని, వాల్మీకి చెప్పినది అశోకవనములోని శింశుపావృక్షము. చెట్లను పొరబడుట మనకు నేటి యలవాటు కాదు సుమా! మన గోదావరి సీమలోని సామర్లకోటలో చిరకాలము వృక్షపరిశీలన సలిపిన రాక్స్‌బర్గు దొర, 1794లో గతించిన విలియం జోన్సు పండితుని జ్ఞాపకార్థము, అశోకమునకు ‘జోనేసియా అశోక’ యని నామకరణము చేసెను. నేటి శాస్త్రనామము ‘సరాకా అశోక’.

చెట్టు కంటబడక ఎండిన పట్ట మాత్రమే చేతికి వచ్చినప్పుడేమి చేయవలెనందువా? ముక్కను వెలుతురునకు పట్టి, విఱిచి చూడుము. నిజమగు అశోకపట్టయైనచో, వెలుపల పచ్చనిచాయ గల బూడిదవన్నెయు, అచ్చటచ్చట గుండ్రని పొక్కులును ఉండును. లోపలి ముఖము ఎఱ్ఱగోధుమవన్నె. విఱిచినచో పేళ్ళు పేళ్ళుగ విఱుగును. పైపొర క్రింద సన్నని తెల్లని గీత యెడతెగక సాగుట కానవచ్చును. నమలినచో నోరు ముడుచుకొనవలెను. సందేహము తీరనప్పుడు పరీక్షాలయమునకు పంపుము.

ఆ వగరే దీని పని. కషాయ తిక్తరసములు, శీతవీర్యము, గ్రాహిత్వము గల ద్రవ్యము గనుక, పోవుచున్నదానిని పట్టి నిలుపుట దీని స్వభావము. సుశ్రుతుడు దీనిని లోధ్రాదిగణమున చేర్చి, ఆ గణమునకు స్తంభనమును, యోనిదోషహరణమును చెప్పెను. చరకుడు వేదనాస్థాపనములు పదింటిలో దీని నొకటిగ నెంచెను. ఋతుస్రావము మితిమీరినను, దినములు సాగినను, ఋతువు కాని కాలమున రక్తము కనిపించినను, అసృగ్దరమని నిశ్చయించిన పిమ్మట వైద్యులు ముందుగ తలచుకొనునది అశోకమునే.

నా కిష్టమైన కల్పము క్షీరపాకము. పట్ట ఒకపాలు, పాలు ఎనిమిది పాళ్ళు, నీరు ముప్పది రెండు పాళ్ళు. మొదట పాలు మాత్రము గిన్నెలో పోసి, పుల్ల ముంచి, ఎంతవరకు తడిసినదో అచ్చట గంటు పెట్టుకొనుము. పిదప నలుగగొట్టిన పట్టను, నీటిని చేర్చి, సన్నని సెగపై నీరంతయు ఇగిరి పాలు ఆ గంటుకడకు దిగువఱకు కాచి వడకట్టవలెను. రూక్షమగు పట్టకు పాల స్నిగ్ధత తోడగుటచే, ఒంటికి ఎండుదనము కలుగనీయదు. అరిష్టము మాట వేఱు. భైషజ్యరత్నావళి స్త్రీరోగాధికారమున చెప్పిన అశోకారిష్టములో పట్టకు రెట్టింపు బెల్లముండును. ధాతకీపుష్పములచే పులిసి, జీలకఱ్ఱ, తుంగముస్తలు, శొంఠి, మానిపసుపు, అడ్డసరము, చందనము మొదలగువానితో నెలవఱకు నిలువయుండి తయారగును. పులిసినప్పుడు పుట్టిన మద్యమును అందులో కొంత నిలిచియుండును గాన, మధుమేహము గలవారికి దానిని తలచుకొనకుండుట మేలు.

ఇక నీ వసతిగృహపు స్నేహితురాలి సంగతి. నెలసరి రెండు మూడు నెలల కొకమారు మాత్రమే కనిపించుచున్నదని, ఆమె తల్లి అంగడినుండి అశోకారిష్టము కొని పంపినట్లు వ్రాసితివి. ఆడపిల్లల యొంట్లో ఏ తేడా వచ్చినను ఇదియే మందని వాడుకపడుట నాకు మిక్కిలి విచారకరము. అల్పార్తవము వేఱు, అతిస్రావము వేఱు; ఆగుచున్నదానికి ఆపు మందు ఇచ్చుట యేమి వైద్యము? ఆమెను తగిన వైద్యురాలికడకు తీసికొనిపొమ్ము. థైరాయిడు, అండాశయముల పరీక్షలు జరిపింపవలసి యుండవచ్చును. అతిస్రావమునందు సైతము పట్ట నూఱుటకు ముందు చేయవలసిన విచారణ కలదు. గర్భాశయమున గడ్డ యున్నదా, గర్భమేమైన నిలిచియున్నదా, రక్తహీనత యెంతవఱకు వచ్చినది – ఇవి తెలియక ఏ కషాయమును ఈయరాదు. ముట్లుడిగిన స్త్రీకి మరల రక్తము కనిపించినచో, అది బొట్టంతయైనను, ఆసుపత్రికి పంపుట తప్ప వేఱొకటి చేయకుము. గంటకొక గుడ్డ తడియుచు, కళ్ళు తిరుగుచున్న మనిషిని కూర్చుండబెట్టి క్షీరపాకము కాచుట నేరమే యగును. ఈ పట్టపై పెద్దయెత్తున కఠినముగ సలిపిన చికిత్సాపరీక్షలు నేటికిని కొఱతగనే యున్నవి గనుక, మన యనుభవమును నమ్ముచునే, దాని హద్దును ఎఱిగి యుండవలెను. మలబద్ధకము గలవారికి ఇది దానిని పెంచునని మఱవకుము; గర్భిణికి మన యిష్టము చొప్పున ఈయరాదు.

అడవులలో విచక్షణ లేక పట్ట ఒలుచుటచే ఈ చెట్టు అరుదగుచు, అంతర్జాతీయ పట్టికలలో అపాయస్థితి గలవానిలో చేరినది. చుట్టును ఉంగరమువలె ఒలిచిన చెట్టు బ్రతుకదు. ముదురు చెట్టున ఒకప్రక్క నిలువుపట్టీగ మాత్రమే తీయవలెను. విత్తులు రాలిన వెంటనే నాటవలెను, నిలువచేసినచో మొలకెత్తు శక్తి త్వరలోనే పోవును. రాబోవు వానకాలమున మన పెరటిచెట్టు క్రింద ఏరినవి తడిగుడ్డలో చుట్టి పంపెదను. మీ కళాశాల మూలికావనపు తోటమాలితో ఇప్పుడే మాటలాడి, మధ్యాహ్నపు ఎండ తగులని చోటు చూచి యుంచుము.

ఇట్లు, ఆశీర్వచనములతో
నీ తాతయ్య