సౌలు కవచము, చేతికి సరిపోయే ఫోను

వాక్యభాగములు: 1 సమూయేలు 17:38–40, లూకా 10:38–42



ఒక ఆదివారం రాత్రి. ఇక్కడ కౌలాలంపూర్‌లో తొమ్మిదిన్నర, ఊళ్ళో ఏడు గంటలు. అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాను. నా ఫోను తెర 6.8 అంగుళాలు. అంత పెద్ద తెరను రెండు భాగాలు చేసుకోవచ్చు కదా! పై సగంలో అమ్మ, కింది సగంలో క్రికెట్. అమ్మ ఏదో చెబుతోంది, నేను "ఊఁ, ఊఁ" అంటున్నాను. ఉన్నట్టుండి ఆగి, "నాయనా, నన్నే చూస్తున్నావా, ఇంకేమైనా చూస్తున్నావా?" అని అడిగింది. "నిన్నే చూస్తున్నానమ్మా" అన్నాను.

అది అబద్ధం. మర్నాడు చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, కంటి ఆపరేషన్ తేదీ అమ్మ నీకు చెప్పిందట కదా, వస్తున్నావా?" అని అడిగింది. అమ్మ ఎప్పుడు చెప్పిందో నాకు గుర్తే లేదు. అప్పటికి సెలవు పెట్టడానికి గడువు దాటిపోయింది.

ఆ వారమే బుకిట్ బింతాంగ్‌లోని లో యాట్ ప్లాజాకు వెళ్ళి చిన్న ఫోను కొన్నాను. తెర 6.1 అంగుళాలు, బరువు 168 గ్రాములు. పాతది 230 గ్రాములకు పైమాటే. అంగుళాలను మూల నుండి మూలకు కొలుస్తారు కాబట్టి తేడా తక్కువగా కనిపిస్తుంది గానీ, నిజానికి తెర స్థలంలో దాదాపు ఐదో వంతు తగ్గింది. ఆ ఐదో వంతు నాకు నేర్పిన పాఠాన్ని వాక్యము వెలుగులో మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1. కవచము చెడ్డది కాదు, సరిపోలేదు

గొల్యాతు ఎదుటికి వెళ్ళబోయే దావీదుకు సౌలు తన సొంత యుద్ధవస్త్రములు తొడిగించాడు. సౌలు మామూలు మనిషి కాదు. జనులందరికంటె భుజములు పైకి ఉన్నంత ఎత్తరి అని 1 సమూయేలు 9:2లో చదువుతాము. ఆ కొలతకు చేసిన కవచంలో గొర్రెల కాపరి నడవబోయాడు, సాగలేదు. అవి తనకు అలవాటు లేనివని చెప్పి తీసివేశాడు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. మొదటిది, దావీదు కవచాన్ని నిందించలేదు. సౌలుకు అది పనికివచ్చేదే. రెండవది, అతడు ఒట్టిచేతులతో వెళ్ళలేదు. కర్ర, వడిసెల, ఐదు నున్నని రాళ్ళు తీసుకున్నాడు. పనిముట్టు మానలేదు, తన చేతికి తెలిసిన పనిముట్టును ఎంచుకున్నాడు.

మనం ఎంత పెద్ద కవచానికి అలవాటు పడ్డామో చూడండి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ తెర 3.5 అంగుళాలే. 2011లో శాంసంగ్ 5.3 అంగుళాల గెలాక్సీ నోట్ తెస్తే, ఇంత పెద్దదాన్ని చెవి దగ్గర ఎలా పెట్టుకుంటారని చాలామంది నవ్వారు. 2020లో ఐఫోన్ 12 మినీ 5.4 అంగుళాలతో వస్తే, అప్పటికి అదే చిన్నదైపోయింది. 2021లో 13 మినీ తరువాత ఆ వరుస ఆగిపోయింది. తొమ్మిదేళ్ళలో పెద్దదనుకున్న కొలతే చిన్నదిగా మారింది. పెద్దదే కావాలని మనకు ఎవరూ ఆజ్ఞాపించలేదు. చుట్టూ అందరి చేతిలో ఉన్నదే మన కొలత అయిపోయింది.

2. ఒక్కటే

మార్త చేసినది తప్పు పని కాదు. ఇంటికి వచ్చిన ప్రభువుకు వండి పెట్టాలని తాపత్రయపడింది. కాని ఆమె మనస్సు అనేక పనుల మధ్య చీలిపోయింది. మరియ ఒక్కచోట కూర్చుంది, ఒక్కరి మాట విన్నది. అవసరమైనది ఒక్కటేనని ప్రభువు మార్తకు తెలియజేశాడు.

నా పెద్ద ఫోను మార్త మనస్సులాంటిది. అందులో అన్నిటికీ చోటుంది: అమ్మకు చోటు, క్రికెట్‌కు చోటు, పైనుండి జారిపడే ఆఫీసు మెసేజ్‌కు చోటు. చిన్న ఫోనులో కూడా తెరను రెండు చేయవచ్చు. కాని అమ్మ ముఖం అగ్గిపెట్టెంత అవుతుంది, చూడబుద్ధి కాదు. కాబట్టి ఒక్క ముఖమే ఉంచుతాను. ఇప్పుడు ఆమె మాట్లాడేటప్పుడు మధ్యలో వచ్చే మౌనం కూడా నాకు వినబడుతోంది.

మనలో పెద్దవారికి ఎయిరోగ్రామ్ గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క పలుచని నీలి కాగితం మీదే ఇంటి కబుర్లన్నీ పట్టాలి. చోటు తక్కువ గనుక ఏది ముఖ్యమో ఆలోచించి వ్రాసేవారు, అంచుల్లో కూడా వ్రాసేవారు. వచ్చిన ఉత్తరాన్ని పదిసార్లు చదివేవారు. చోటు తగ్గినందుకు ప్రేమ తగ్గలేదు.

3. చిన్న ఫోను చేయలేనిది

ఇక్కడ నిజం చెప్పాలి. మొదటి వారం నేను చిన్న తెర మీద కూడా అర్ధరాత్రి వరకు వీడియోలు చూశాను. మెడ నొప్పితో పాటు కంటి నొప్పి కూడా వచ్చింది! కవచము తీసివేసినంత మాత్రాన దావీదు గెలవలేదు. అతడు యెహోవా నామమున వెళ్ళాడు. ఫోను కొలత మారితే అలవాటుకు కొంచెం అడ్డు పడుతుంది, అంతే. హృదయాన్ని మార్చే పని లో యాట్ ప్లాజాలో అమ్మరు.

ఆ తరువాత అమ్మకు ఫోన్ చేసి, ఆ రాత్రి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె, "నాకు తెలుసులే నాయనా, నీ కళ్ళు కిందికే ఉన్నాయి" అంది. నేను కొత్త ఫోను కొన్న సంగతి ఆమెకు అక్కరలేదు. నేను చెప్పిన నిజమే ఆమెకు కావలసింది.

4. అందరికీ ఒకే కొలత కాదు

మన సహవాసములో నాలుగో తరం తెలుగువారు ఉన్నారు. వారి ముత్తాతలు పేరాక్‌లోని కొబ్బరి, రబ్బరు తోటల్లో పని చేయడానికి వచ్చినవారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం కూడబలుక్కుంటూ చదువుతారు. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. అక్షరం చిన్నదైతే అవి కలిసిపోతాయి. అలాంటివారికి, చూపు మందగించిన పెద్దలకు, పెద్ద తెర దేవుడిచ్చిన సహాయమే. రోమా 14లో పౌలు తినేవారికీ తిననివారికీ చెప్పిన సంగతి ఇక్కడా వర్తిస్తుంది: ఒకరినొకరు తీర్పు తీర్చకూడదు. చిన్న ఫోను పట్టుకున్నవాడు ఎక్కువ భక్తిపరుడు కాదు.

5. మార్చుకోవాలనుకునేవారికి

ఇంటికి డబ్బు పంపవలసిన రోజున ఫోను మార్చకండి. బ్యాంక్ నెగారా మలేసియా 2022లో ప్రకటించిన భద్రతా చర్యల ప్రకారం, బ్యాంకు లావాదేవీలను ఆమోదించడానికి ఒక ఖాతాదారునికి ఒకే ఫోను ఉండాలి. కొత్తగా నమోదు చేసినప్పుడు కొన్ని గంటల విరామం కూడా ఉండవచ్చు. ముందే మీ బ్యాంకును అడిగి తెలుసుకోండి.

వాట్సాప్‌లోని ప్రార్థన విన్నపాలు, ఇంటివారి ఫొటోలు బ్యాకప్ చేసుకోండి. కొత్త ఫోనులో అన్నీ సరిగా వచ్చాయని చూసుకున్నాకే పాతదానిలోనివి చెరిపివేయండి. బ్యాటరీ కూడా సాధారణంగా చిన్నదే. సాయంత్రం వరకు రాకపోవచ్చు. ఆరాధనకు వచ్చేటప్పుడు కాగితపు బైబిలు తెచ్చుకోండి. శుభ్రం చేసిన పాత ఫోను అవసరమున్న ఒక పెద్దమ్మకో, తాతగారికో ఇచ్చి, అక్షరాలు పెద్దవిగా పెట్టి చూపించండి. నా పాత ఫోను ఇప్పుడు అలాంటి ఒక అమ్మగారి చేతిలో కీర్తనలు చదివిస్తోంది.

గృహకూటములలో చర్చకు

1. నేను "ఊఁ" కొడుతూ వినకుండా ఉన్నది ఎవరి మాట?
2. నా చేతిలోని ఏ వస్తువు నా పనికి కాక, పక్కవారిని చూసి కొన్నది?
3. ఈ వారం ఒక్కరితో, మరేదీ చూడకుండా, పావుగంట మాట్లాడగలనా?

ప్రార్థన

ప్రభువా, మా చేతులకు తగినదానిని ఎంచుకునే వివేకము దయచేయుము. మా ముందున్న ఒక్కరిని చూచే కన్నులను, వారి మాట వినే చెవులను మాకిమ్ము. దూరాన మా పిలుపు కొరకు ఎదురుచూచే తల్లిదండ్రులను కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.