ఫైటర్ తోక అంచున ఉల్లిపొర

“అక్కా, మా ఫైటర్ తోక చిరిగిపోతోంది. ఏం మందు వెయ్యను?” అంటూ మొన్న ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి మా పిన్ని కూతురి ఫోను. గొంతులో ఏడుపు.

“మందు సంగతి తర్వాత తల్లీ. నీళ్ళు ఎప్పుడు మార్చావో ముందు చెప్పు” అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. రెండేళ్ళ కిందట నన్ను ఎవరైనా అదే మాట అడిగి ఉంటే నేనూ అలాగే ఉండిపోయేదాన్ని. అందుకే ఈసారి మన ముచ్చట్లలో ఈ ఫైటర్ చేప గురించే చెప్పాలనిపించింది. మీలో ఎంతమంది ఇళ్ళలో టీవీ పక్కన ఓ గాజు గిన్నె, అందులో ఓ నీలం చేప ఉందో నాకు తెలుసు.

మావాడి ఎనిమిదో పుట్టినరోజుకి కొన్నాం మా చేపని. ఒళ్ళంతా నెమలికంఠం రంగు, తోక విప్పిందంటే పట్టుకుచ్చే. వాడు రాజా అని పేరు పెట్టుకున్నాడు. గుండ్రటి గాజు గిన్నె, అడుగున రంగు గోళీలు, మధ్యలో ప్లాస్టిక్ మొక్క. “ఫైటర్‌కి ఇంతకంటే ఏమీ అక్కర్లేదమ్మా, గ్లాసులో వేసినా బతుకుతుంది” అన్నాడు కొట్టతను. నమ్మాను. అతను చెప్పిన దాంట్లో సగం నిజమే. ఈ చేపకి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంది. పైకొచ్చి ఓ గుక్క గాలి తీసుకుని పోతుంది. కాబట్టి ప్రాణవాయువు తక్కువున్న నీళ్ళలోనూ నెట్టుకొస్తుంది. కానీ ఆ గుక్కెడు గాలి నీళ్ళలో పేరుకునే విషాన్ని తీసెయ్యలేదు కదా! దీని పుట్టిల్లు థాయిలాండ్, ఆ చుట్టుపక్కల వరి మళ్ళు, చిత్తడి నేలలు. 2019లో థాయిలాండ్ దీన్ని తమ జాతీయ జలచరంగా కూడా ప్రకటించుకుంది. మడిలో నీళ్ళ లోతు జానెడే కావచ్చు, వైశాల్యం మాత్రం ఎంతని! మన గిన్నెలో పట్టేది రెండు లీటర్లు.

మూడో నెలలో ఒక రాత్రి సెల్లు టార్చి వేసి చూస్తే రాజా తోక చివర నల్లగా ఉంది, అగరొత్తి తగిలి కాలినట్టు. మర్నాటికి ఆ నలుపు లోపలికి జరిగింది, అంచు పీలికలైంది. గోళీలు తీసి చూద్దును కదా, వాటి కింద తినకుండా వదిలేసిన మేత గింజలు ఉబ్బి, తెల్లటి బూజు పట్టి ఉన్నాయి. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు.

జరిగేది ఇదీ. చేప విసర్జించేదీ, మిగిలిపోయిన మేతా కుళ్ళి అమ్మోనియా అవుతుంది. నీళ్ళు పైకి తేటగానే కనిపిస్తాయి, మనం మోసపోయేది అక్కడే. అమ్మోనియాకి చేప ఒంటి మీదుండే జిగురు పొర దెబ్బతింటుంది, ఒంట్లో సత్తువ పోతుంది. నీళ్ళలో ఎప్పుడూ ఉండే ఏరోమోనాస్, సూడోమోనాస్ లాంటి బాక్టీరియా అప్పుడు రెక్కల్ని పట్టుకుంటుంది. అంటే ఈ తెగులు ఎక్కడి నుంచో అంటుకొచ్చింది కాదు, మన గిన్నెలోనే పుట్టింది.

తోక చిరిగితే ముందు అది తెగులేనా కాదా అని చూసుకోవాలి. అంచు నల్లబడో, ఎర్రబడో, తెల్లగా బూడిద పట్టినట్టో అయ్యి, రోజురోజుకీ లోపలికి తినుకుంటూ పోతుంటే తెగులు. రంగు మారకుండా నిలువునా చీలితే దేనికో తగిలి చిరిగిందని. రాత్రికి రాత్రే అర్ధచంద్రంలా ముక్క పోయిందంటే విసుగెత్తి తన తోక తానే కొరుక్కుందని. ఉందమ్మా, వీటికి ఆ అలవాటూ ఉంది! ప్లాస్టిక్ మొక్క మీద అనుమానముంటే పాత జార్జెట్ చీర ముక్క ఒకటి దాని మీదుగా లాగి చూడండి. దారం లేచిందంటే చేప తోకా చిరుగుతుంది. మా ఇంట్లో లేచింది. ఆ మొక్కని ఆ రోజే పారేశాను.

ఇక వైద్యం. నూటికి తొంభై పాళ్ళు అది నీళ్ళే అంటాను నేను. తొట్టి చిన్నదైతే రోజూ మూడో వంతు నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాలి. హైదరాబాద్‌లో మాకు మంజీరా కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, బిందె పట్టగానే క్లోరిన్ వాసన గుప్పుమంటుంది. ఆ క్లోరిన్ తీసే మందు చుక్కలుగా వేసుకునేది అక్వేరియం కొట్లలో దొరుకుతుంది, సీసా మీద రాసిన లెక్క ప్రకారం వెయ్యండి. బకెట్‌లో ఒక రోజంతా మూత లేకుండా ఉంచినా క్లోరిన్ ఎగిరిపోతుంది గానీ, క్లోరమీన్ కలిపిన నీళ్ళయితే అలా పోదు. అందుకని మందే నయం. కొత్త నీళ్ళు పాత నీళ్ళంత వెచ్చగా ఉండాలి. చన్నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరిస్తే అదో దెబ్బ. ఆర్.ఓ. నీళ్ళు మంచివి కదా అని అవే పొయ్యకండి, చేపకి కావలసిన లవణాలు వాటిలో ఉండవు.

హైదరాబాద్ చలికాలంలో గిన్నెలో నీళ్ళు ఇరవై డిగ్రీలకి దిగిపోతాయి. ఈ చేపకి 25 నుంచి 27 ఉండాలి. అంతకన్నా చల్లబడితే మందకొడిగా అయిపోతుంది, పుండు మానదు. నేను 20 లీటర్ల తొట్టి కొన్నాను, చిన్న హీటరు, స్పంజి ఫిల్టరు పెట్టాను. ఆ స్పంజిని కుళాయి కింద కడక్కండి. అమ్మోనియాని విరగ్గొట్టే మంచి బాక్టీరియా కాపురం అందులోనే. తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే రెండుసార్లు పిండితే చాలు.

నీళ్ళు బాగుచేసినా వారంలో తగ్గకపోతే అక్వేరియం ఉప్పు. నాలుగు లీటర్లకి ఒక చెంచా, అంటే దాదాపు అయిదు గ్రాములు. విడిగా కరిగించి కొంచెం కొంచెంగా పొయ్యాలి. నీళ్ళు మార్చినప్పుడు, ఎన్ని తీశారో అన్నిటికి సరిపడా ఉప్పే మళ్ళీ కలపాలి. ఆవిరైన నీళ్ళకి కలపకూడదు, ఉప్పు ఆవిరి కాదు కదా. పది రోజులు దాటనివ్వకండి. బతికున్న మొక్కలుంటే వాటికి ఉప్పు పడదు, చేపని వేరే డబ్బాలోకి మార్చి చెయ్యండి.

మన ఇంటి ముందు దొరికే సాయం కూడా ఒకటుంది. బాదం ఆకు! చిన్నప్పుడు కాకినాడలో మా పెరట్లో రోజూ ఊడ్చి పారబోసేవాళ్ళం. థాయిలాండ్‌లో ఈ చేపల్ని పెంచేవాళ్ళు ఆ ఎండుటాకునే తొట్టిలో వేస్తారు. నీళ్ళు పల్చటి టీ రంగుకొస్తాయి. ఆకులోని టానిన్లు బాక్టీరియానీ, బూజునీ కొంత అదుపులో పెడతాయి, చేపకీ ఆ రంగు నీళ్ళంటే హాయి. పచ్చాకు కాదు, తనంతట తాను రాలి గోధుమరంగుకి ఎండినదే. మందు కొట్టిన చెట్టు ఆకూ, రోడ్డు దుమ్ము పట్టిన ఆకూ వద్దు. బాగా కడిగి, పది లీటర్లకి అరచెయ్యంత ముక్క వెయ్యండి. అయితే ఆకు వేశాం కదా అని నీళ్ళు మార్చడం మానకూడదు.

మనుషులకిచ్చే యాంటిబయాటిక్ గొట్టాలు విప్పి గిన్నెలో పోసేవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. మోతాదు తెలియదు, పైగా ఫిల్టరులోని మంచి బాక్టీరియా కూడా చచ్చిపోయి అమ్మోనియా మళ్ళీ పెరుగుతుంది. తెగులు తోక మొదలు దాకా వచ్చి ఒంటిని తాకినా, చేప మేత ముట్టక అడుగున పడుకున్నా, అప్పుడు ఆలస్యం చెయ్యకుండా పశువైద్యుణ్ణి అడగండి. చేపల జబ్బులు తెలిసినవారైతే మరీ మంచిది. చేపలకని తయారైన మందు ఏది వెయ్యాలో, ఎన్నాళ్ళు వెయ్యాలో వారే చెప్తారు. మందు వేసినన్నాళ్ళూ ఫిల్టరులో బొగ్గు ఉంటే తీసెయ్యాలి, లేకపోతే మందుని అదే పీల్చేస్తుంది.

మేత కూడా తగ్గించండి. దాని కడుపు ఇంచుమించు దాని కంటి గుడ్డంత. పూటకి రెండు మూడు గింజలు చాలు. పిల్లలు ముచ్చటపడి గుప్పెడు వేస్తారు, మా ఇంట్లో ఇప్పుడు మేత డబ్బా ఎత్తు అలమరలోనే ఉంటుంది.

రాజా నలుపు ఆగడానికి తొమ్మిది రోజులు పట్టింది. మూడో వారంలో ఒక పొద్దున తోక అంచున ఉల్లిపొరలాంటిది కనిపించింది. రంగు లేదు, వెలుతురు అందులోంచి దూసుకుపోతోంది. బూజేమోనని భయపడ్డాను. కాదు, అది కొత్త తోక. ముందు పొర వస్తుంది, ఆ తర్వాతే రంగు నిండుతుంది. పూర్తిగా నిండడానికి మూడు నెలలు పట్టింది. ఎడమ కొస ఇప్పటికీ కాస్త పొట్టిగానే ఉంది.

చెల్లి నిన్న ఫొటో పంపింది. గాజు గిన్నె స్థానంలో తొట్టి, అందులో తేలుతూ బాదం ఆకు ముక్క. చేప తోకకి అంచున సన్నగా పొర వచ్చింది. “అక్కా, ఇక నీళ్ళు మార్చడం ఆపెయ్యనా?” అని అడిగింది. వద్దన్నాను. రోజూ అక్కర్లేదు గానీ, ఫిల్టరు కుదురుకున్నాక కూడా వారానికోసారి పావు వంతు మార్చుతూనే ఉండమన్నాను.